తాడుతో నడిచిన కారు

మా పాస్టరమ్మగారు పోయారని నాకు కల్లంలో తెలిసింది. ఎండబోసిన మిరపకాయల పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే చర్చి నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారని, బాధేమీ పడలేదని, సాయంత్రం సమాధి చేస్తున్నామని చెప్పారు. అవి కారం చేతులన్న సంగతి మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నాను. ఆ మంటకి చాలాసేపు కళ్ళు తెరవలేకపోయాను.

మా అత్తయ్య అవతలి పట్టా దగ్గర కాయలు తిరగేస్తోంది. సంగతి చెప్పాను. ఇంటికి నడిచి వెళ్ళి, పంపు కింద కూర్చుని, కట్టుచీరతోనే తలమీద నుంచి నీళ్ళు పోసుకుంది. దగ్గరి వాళ్ళు పోతేనే మా ఇళ్ళలో అలా స్నానం చేస్తారు. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకని అడగలేదు. అడగాల్సిన అవసరం మా ఇద్దరికీ లేదు.

ఊళ్ళో వాళ్ళు మాత్రం వింతగా చూశారు. పాస్టరమ్మగారు మాకు బంధువు కాదు, కులం కాదు, మతం కాదు. వాళ్ళ ఇల్లు పాలెంలో, చర్చి పక్కన. మాది ఊళ్ళో రైతుల వీధి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్య ఆ పాలెం వైపు నడిచేది కూడా కాదు. అలాంటి మనిషి ఆ రోజు నెత్తిన నీళ్ళు పోసుకుందంటే దాని వెనక ఒక సాయంత్రం ఉంది. ఆ సాయంత్రం గురించి, అంతకన్నా పాస్టరమ్మగారి గురించి, ఆమెని చూడని వాళ్ళకి చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా ఊరు చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి నేలలో ఉంటుంది. ఎండాకాలం కాలు పట్టేంత నెర్రెలు, వాన పడితే చెప్పులు లాక్కునే బురద. పాస్టరమ్మగారు ఈ నేల మనిషి కాదు. ఒంగోలు అవతల కొత్తపట్నం దగ్గర, సముద్రం ఒడ్డున పుట్టారు. వాళ్ళ నాన్న పడవల ఇంజన్లు బాగుచేసేవాడట. పాస్టరుగారిని పెళ్ళి చేసుకుని మా ఊరు వచ్చి, ఇక్కడే నలభై ఏళ్ళకి పైగా ఉన్నారు. అయినా చివరిదాకా, "మీ నేల" అనే అనేవారు. "మీ నేలలో పత్తి పండిద్ది, మిరప పండిద్ది, బండి మాత్రం ముందుకు పోదు" అని నవ్వేవారు.

పొట్టి మనిషి. తెల్ల నేతచీర, ముక్కు మీదకి జారే కళ్ళద్దాలు. కారు సీటులో దిండు వేసుకుంటే గాని రోడ్డు కనపడేది కాదు. ఎదురుగా వచ్చే వాళ్ళకి స్టీరింగు పైన రెండు కళ్ళద్దాలు మాత్రమే కనిపించేవి. కొత్తగా చూసినవాళ్ళు బండి దానంతట అదే వస్తోందనుకుని పక్కకి తప్పుకునేవారు.

ఆ కారు కూడా ఆమె కొనుక్కున్నది కాదు. చర్చి పెద్ద ఒకాయన కొత్తది తీసుకున్నప్పుడు పాతదాన్ని చర్చికి ఇచ్చేశాడు. చిన్న తెల్ల కారు. అప్పటికే దాని వయసు దాటిపోయింది. మొదట్లో పాస్టరుగారే నడిపేవారు. షుగరు వల్ల ఆయన చూపు తగ్గిపోతున్న సంగతి ఆయన ఒప్పుకోలేదు. ఒక ఆదివారం పక్క ఊరి ప్రార్థన నుంచి వస్తూ తిన్నగా పత్తి చేలోకి పోనిచ్చారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పాస్టరమ్మగారు కారు దిగి, చీరకంటిన పత్తి దులుపుకుని, "ఇక ఇటు రండి, నేను అటు కూర్చుంటా" అన్నారట. అప్పటికి ఆమెకి డ్రైవింగు రాదు. ఆ తర్వాత నేర్చుకున్నారు. పాలెంలో లారీ నడిపే ఒకతను బడి ఆవరణలో తిప్పించి నేర్పాడు. ఆడమనిషి, అందునా యాభై దాటిన మనిషి స్టీరింగు పట్టుకుంటే మా ఊరి అరుగుల మీద నవ్వుకోని వాళ్ళు లేరు. ఆ నవ్విన వాళ్ళలో ఎంతమంది పెళ్ళాలు, తల్లులు ఆ కారెక్కి ఆసుపత్రికి పోయారో సమాధి రోజున తెలిసింది. ఒక్కొక్కరూ పెట్టె దగ్గరికి వచ్చి, "నన్ను కూడా తీసుకెళ్ళింది", "మా పిల్లని తీసుకెళ్ళింది" అని చెప్పుకుంటూనే ఉన్నారు. పిడికెడు నల్లమట్టి వేయడానికి వచ్చిన వాళ్ళ వరస పాలెం దాటి మా వీధి దాకా వచ్చింది.

నేను ఆమెకి దగ్గరైంది ఆ సాయంత్రం తర్వాతే. అంతకు ముందు దూరం నుంచి చూస్తూ ఉండేదాన్ని. శనివారం సాయంత్రం మా మేడ మీద నుంచి చర్చి ఆవరణ కనిపించేది. ఆదివారం ప్రయాణానికి ముందు ఆమె కారు ముందుమూత ఎత్తి, కొంగు నడుముకి చుట్టుకుని, లోపలికి వంగి ఏదో చేసేవారు. ఏం చేసేవారో తర్వాత ఆమె దగ్గర నేను డ్రైవింగు నేర్చుకున్నప్పుడు చూపించారు.

"ఇదిగో అమ్మాయ్, ఈ తీగ చూడు. కాలి కింద తొక్కేదానికీ ఇక్కడ ఇంజనుకీ మధ్య చుట్టం ఇదే. నువ్వు అక్కడ తొక్కితే ఇది ఇక్కడ లాగిద్ది. అప్పుడు ఇంజను ఊపిరి పీల్చిద్ది."

యాక్సిలరేటరు కేబులు అది. వాడగా వాడగా సాగి వదులవుతుంది. అప్పుడు కాలితో తొక్కినా మొదట సగం తొక్కుడు ఉత్తదే అవుతుంది. బండి కదలదు, ఎక్కుడు దగ్గర మొరాయిస్తుంది. కేబులు చివర రెండు నట్లుంటాయి. ఆమె ఒకటి వదులు చేసి, తీగ తొడుగుని కొంచెం వెనక్కి లాగి, రెండోదాన్ని బిగించేవారు. తర్వాత తీగని వేలితో నొక్కి చూసేవారు.

"మరీ బిగించమాక. బిగిస్తే కాలు పెట్టకముందే అరుచుద్ది. కొంచెం ఆడాలి. వీణ తీగ కాదు ఇది, చీర ఆరేసే తీగ అనుకో."

నేను నేర్చుకునేటప్పుడు గేరు మార్చబోయి కర్రుమనిపిస్తే ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "దాని పళ్ళు దానికున్నాయి, మన పళ్ళు మనం కొరుక్కోవద్దు" అనేవారు. ఎప్పుడూ ప్రార్థన చేసే మనిషే గాని పని దేవుడి మీద వదిలేసే మనిషి కాదు. "ఇంజను దేవుడిచ్చాడు, ఆయిలు మనమే పోసుకోవాలి" అనేది ఆమె మాట. దారిలో ఆమె పెదవులు కదులుతుంటే, "ప్రార్థనాండీ?" అని అడిగాను ఒకసారి. "అవును. కళ్ళు తెరుచుకునే చేస్తా. మూసుకునే చెయ్యాలని ఏమీ లేదు" అన్నారు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయి, ఉన్నట్టుండి పడమర నల్లబడింది. ఎండిన కాయ మీద చినుకు పడితే ఏడాది కష్టం మచ్చలు పడి పోతుంది. ఊరు ఊరంతా కల్లాల్లోకి పరుగెత్తింది. మా ఆయన, నేను, అత్తయ్య కాయలు కుప్ప చేసి పట్టాలు కప్పుతున్నాం. నేను నైలాను తాడు ముక్కలు కోసి నడుముకి దోపుకుని, పట్టా మూలలు రాళ్ళకి కడుతున్నాను. మా ఆయన మడతపెట్టి ఉన్న పాత పట్టా ఒకటి లాగాడు. లాగి, "అబ్బా" అని కాలు విదిలించాడు. పట్టా కింద నుంచి తాచుపాము పక్క చేలోకి పోవడం ముగ్గురం చూశాం.

వాన మొదలైంది. అత్తయ్య కొడుకుని పట్టుకుని పెద్దగా ఏడుస్తోంది. చుట్టుపక్కల కల్లాల వాళ్ళు చేరారు. ఒకరు పైన గట్టిగా కట్టెయ్యమన్నారు, ఒకరు కోసి రక్తం తీయమన్నారు, ఒకరు పక్క ఊళ్ళో మంత్రం వేసేవాడి దగ్గరికి పొమ్మన్నారు. నేను అంబులెన్సుకి ఫోను చేశాను. పేట నుంచి వచ్చే దారిలో చప్టా మీదుగా వాగు పొంగిపోతోంది. "మేం చుట్టూ తిరిగి రావాలమ్మా. ఈలోపు ఏదైనా బండి దొరికితే ఆగకుండా బయలుదేరండి" అన్నాడు మాట్లాడినతను. ఊళ్ళో ఉన్న కార్లు గుంటూరు మిర్చి యార్డుకి పోయి ఉన్నాయి. నాకు గుర్తొచ్చింది ఒకటే కారు.

పాలెంలోకి పరుగెత్తాను. పాస్టరమ్మగారు వసారాలో బియ్యం ఏరుతున్నారు. నేను మాట పూర్తి చేయకముందే చేట పక్కన పెట్టి లేచారు. తాళాలు తీసుకుని, గుమ్మంలో ఆగి నా మొహంలోకి చూశారు.

"అమ్మాయ్, ముందే చెబుతున్నా. యాక్సిలరేటరు తీగ పోగులు లేచింది. బిగించినకాడికి బిగించా, ఇక బిగించడానికి నట్టులో మర లేదు. కొత్తది రేపు వచ్చిద్ది. దారిలో తెగితే తెగొచ్చు. ఇంకో బండి ఏదైనా ఉందా?"

"లేదండి."

"అయితే పద."

లోపల నుంచి పాస్టరుగారు, "నేనూ వస్తా" అన్నారు. "మీరు రావొద్దు, బరువు" అన్నారామె. ఆయన గుమ్మంలోకి వచ్చి వానలోకి చెయ్యి చాపి నిలబడ్డారు. మేం కనిపించకపోయినా మా వైపే చూస్తున్నారు.

కల్లం దగ్గరికి రాగానే ఆమె దిగి, గుంపుని తోసుకుని వెళ్ళి మా ఆయన కాలికి ఎవరో బిగించిన తువ్వాలు విప్పేశారు. "కొయ్యొద్దు, కట్టొద్దు. నడిపించొద్దు. ఎత్తి పడుకోబెట్టండి" అని గట్టిగా అన్నారు. ఆదివారం మైకులో కూడా ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. మగవాళ్ళు నలుగురూ మారుమాట లేకుండా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. అత్తయ్య ఒక్క క్షణం తలుపు పట్టుకుని ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. పాస్టరమ్మగారికీ తెలిసే ఉంటుంది. ఆమె ముందుకే చూస్తూ, "తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. బిడ్డ కదలకూడదు" అన్నారు. అత్తయ్య ఎక్కి కూర్చుంది.

చప్టా దారి మూసుకుపోయింది గనక పొలాల మధ్య కంకర రోడ్డు పట్టి, కాలువ కట్ట ఎక్కి, పెద్ద రోడ్డుకి చేరి అటునుంచి పేట వెళ్ళాలి. పాస్టరమ్మగారు కాలు మెల్లగా ఆనించి నడుపుతున్నారు. బండి అప్పుడప్పుడు వెనక్కి పట్టినట్టు తడబడుతోంది. వెనక మా ఆయన మాట ముద్దగా వస్తోంది. "కళ్ళు బరువుగా ఉన్నాయే" అన్నాడు. నేను తిరిగి చూస్తే రెప్పలు సగం వాలి ఉన్నాయి.

"అబ్బాయ్, నిద్రపోమాక. ఈ సారి ఎన్ని ఎకరాలేశావో చెప్పు" అన్నారు పాస్టరమ్మగారు.

అతను ఏదో గొణిగాడు. ఊరు కనుమరుగైంది. రెండు వైపులా తీసేసిన పత్తి చేలు, నీళ్ళు నిలిచిన నల్లమట్టి. అక్కడ, మనిషి జాడ లేని చోట, తొక్కుతున్న పెడలు ఒక్కసారిగా నేలకి ఆనిపోయింది. ఇంజను ఆగలేదు. చిన్నగా కొట్టుకుంటోంది. కానీ ఎంత తొక్కినా పలకడం లేదు. కారు నడక తగ్గి, తగ్గి, ఆగిపోయింది.

"తెగింది" అన్నారామె.

అత్తయ్య పెద్దగా ఏడుపందుకుంది. తనకి తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తోంది. పాస్టరమ్మగారి ముందు అలా పిలవకూడదేమో అనుకుందో ఏమో, చటుక్కున ఆపింది.

"ఆపొద్దు. అందర్నీ పిలవండి" అన్నారు పాస్టరమ్మగారు తలుపు తీస్తూ. "ఎవరు ముందొస్తే వాళ్ళే."

వానలో దిగి ముందుమూత ఎత్తారు. నేనూ దిగాను. తీగ లోపల పెడలు దగ్గరే తెగింది. అక్కడికి చెయ్యి దూరదు. ఆమె తెగిన దాన్ని లాగి పడేశారు. ఇంజను పక్కన చిన్న ఇనప మీట ఒకటి ఉంది. దాన్ని వేలితో లాగారు. ఇంజను ఒక్కసారి పెద్దగా మోగింది. వదిలారు. స్ప్రింగు వెనక్కి లాక్కుంది, మోత తగ్గింది. రెండుసార్లు అలా చేసి, లేచి నా వైపు చూశారు. నా మొహం వైపు కాదు, నా నడుము వైపు.

"ఆ తాడు ఇటివ్వు."

పట్టాలు కట్టగా మిగిలిన నైలాను ముక్కలు ఇంకా నా నడుముకే వేలాడుతున్నాయి. ఆ సంగతే నాకు తెలియదు. ఆమె రెండు ముక్కలు కలిపి ముడేసి, ఒక కొసని ఆ మీటకి కట్టారు. ఆ వేళ్ళు నాకిప్పటికీ కనిపిస్తాయి. వాన కళ్ళద్దాల మీద నుంచి కారుతోంది, ఆమెకి కనపడుతున్నట్టు కూడా లేదు. వేళ్ళే చూసుకుంటున్నాయి. తాడుని మూత కింద సందులోంచి, ముందు అద్దం అంచు వెంబడి తెచ్చి, నేను కూర్చునే వైపు కిటికీలోంచి లోపలికి వేశారు. మూత జాగ్రత్తగా దించారు.

"మా నాన్న పడవలో ఇట్టాగే నడిపేవాడు. వెనక నుంచి తాడు లాగితే ఇంజను ముందు మోగేది" అన్నారు. "ఎక్కు. యాక్సిలరేటరు నీ చేతిలో ఉంది. మిగతావన్నీ నా దగ్గరున్నాయి. నేను 'ఊఁ' అంటే లాగు. 'చాలు' అంటే వదులు. అంతే."

"నాకు రాదండీ" అన్నాను. నిజంగానే నాకు అప్పటికి కారంటే ఎక్కి కూర్చోవడం తప్ప తెలియదు.

"నూతిలో చేద లాగావా ఎప్పుడైనా?"

"లాగానండి."

"ఇంకేం. వచ్చు."

ఆమె క్లచ్చి తొక్కి గేరు వేశారు. "ఊఁ" అన్నారు. నేను లాగాను. ఇంజను గావుకేక పెట్టింది; కారు ఎగిరి పడినట్టు ముందుకు దూకింది. వెనక మా ఆయన మూలిగాడు. "చాలు, చాలు" అన్నారామె. వదిలాను. మళ్ళీ గేరు. "ఊఁ, మెల్లగా. చేద నిండుగా ఉందనుకో, నీళ్ళు ఒలకకూడదు." ఈసారి కొంచెం కొంచెంగా లాగాను. కారు కదిలింది. కంకర రాళ్ళు కింద పటపటలాడాయి. "ఊఁ." ఇంకా లాగాను. "చాలు." వదిలాను, ఆమె గేరు మార్చారు. "ఊఁ."

ఒక మనిషి కాలూ ఇంకో మనిషి చెయ్యీ కలిసి ఒక బండిని నడపడం నేను ఎక్కడా వినలేదు. కాసేపటికి ఆమె "ఊఁ" అనడం మానేశారు. ఆమె ఎడమకాలు కదలగానే నా చెయ్యి వదలడం నేర్చుకుంది. ఇంజను గొంతు మారగానే లాగడం నేర్చుకుంది. తాడు అరచేతిలో కోస్తోంది. ఆ నొప్పి తెలుస్తోంది గాని భయం తెలియడం లేదు. నా పక్కన స్టీరింగు అంత ఎత్తు కూడా లేని ఒక పెద్దావిడ, తడిసి ముద్దైన తెల్లచీరలో, కళ్ళు రోడ్డు మీద నుంచి తిప్పకుండా, పెదవులతో ప్రార్థన చేసుకుంటూ, మధ్యలో వెనక్కి కేకేసి మా ఆయన్ని నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూ ఉంది. ఆమె పక్కన కూర్చున్నాక ఇక చెడు జరగడానికి వీల్లేదనిపించింది. అది ధైర్యం కాదు. నాకంత ధైర్యం లేదు. ఆమె దగ్గరున్నది అంటుకుంది, అంతే.

కాలువ కట్ట ఎక్కుతున్నాం. ఎక్కుడు గనక బాగా లాగి పట్టుకున్నాను. కట్ట మీదకి రాగానే ఎదురుగా ట్రాక్టరు. ట్రక్కు నిండా పత్తి, దారి నిండా ట్రక్కు. "చాలు" అన్నారామె. నేను వదిలాను. ఇంజను మోత తగ్గలేదు. ఇంకా పెరిగింది. తాడు అద్దం తుడిచే పుల్ల మొదట్లో ఇరుక్కుపోయింది. కారు అరుస్తూ ట్రాక్టరు మీదకి పోతోంది. ఒక పక్క కాలువ, రెండో పక్క లోతైన చేను. నేను తాడుని వెర్రిగా ఊపుతున్నాను, రావడం లేదు.

ఆమె నా చేతిలోని తాడు కోసం చెయ్యి కూడా చాపలేదు. క్లచ్చి, బ్రేకు రెండూ ఒకేసారి తొక్కి, తాళం తిప్పేశారు. అంత మోతా టక్కున ఆగిపోయింది. కారు జారి, ట్రాక్టరు దీపాల ముందు ఆగింది. వాన చప్పుడు వినపడింది. అంతసేపూ వాన పడుతోందన్న సంగతే మరిచిపోయాను.

"తాళం ఉందిగా" అన్నారామె. నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు. "చెయ్యి జారినా తాళం ఉందిగా."

ట్రాక్టరతను దిగి పరుగెత్తుకొచ్చాడు. వెనక సీటు చూసి, అత్తయ్య "పాము" అనగానే తన బండిని వెనక్కి తోలుకోవడానికి పోయాడు. ఆమె మూత ఎత్తి, ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగి, దాని చివర ఉన్న ఆయిలుని తాడు రాసుకునే చోటంతా పామారు. తాడుని అద్దం తుడిచే పుల్లకి దూరంగా జరిపారు. లాగి చూశారు, వదిలి చూశారు. తాడు పాములా జారి వెనక్కి పోయింది.

"పద."

పెద్ద రోడ్డు ఎక్కేసరికి మా ఆయన మాట్లాడటం మానేశాడు. ఊపిరి ఉందంటోంది అత్తయ్య. పాస్టరమ్మగారు ఇక అతన్ని కేకేయలేదు. హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. లారీలు పక్కకి తప్పుకున్నాయి. ఊరి దీపాలు కనిపించాయి, సందులు, ఆటోలు, జనం. ప్రతి మలుపులో నేను వదిలాను, లాగాను. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆసుపత్రి గేటులోకి కారు వెళ్ళేసరికి స్ట్రెచరు ఎదురొచ్చింది. ట్రాక్టరతను దారిలోంచే ఫోను చేసి చెప్పాడట. వాళ్ళు మందు సిద్ధం చేసి ఉంచారు.

స్ట్రెచరు లోపలికి పోయింది. మా అత్తయ్య వెంట పరుగెత్తబోయి, ఆగి, వెనక్కి వచ్చింది. పాస్టరమ్మగారు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నారు, చేతులు విడవడం లేదు. మా అత్తయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ చేతుల మీద వేసింది.

"వదినా" అంది.

అంతే అంది. పాస్టరమ్మగారు, "వెళ్ళండి వదినా, ముందు బిడ్డ దగ్గరికి వెళ్ళండి. నేనిక్కడే ఉంటా" అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ అదే వరస. పండక్కి మా ఇంటి గారెలు ఆ ఇంటికి, క్రిస్మసుకి ఆ ఇంటి కేకు మా ఇంటికి. మొదట్లో ఊళ్ళో నాలుగు మాటలన్నారు. మా అత్తయ్య నోటికి జడిసి తర్వాత మానుకున్నారు.

మందు ఎక్కిస్తున్నంతసేపూ మేం ఆ వరండాలోనే ఉన్నాం. పాస్టరమ్మగారు ఒకసారి లోపలికొచ్చి, నా అరచేతులు తిప్పి చూసి, తాడు కోసిన చోట మందు రాయించారు. "బాగా లాగావు" అన్నారు. "వదలడం ఇంకా బాగా వదిలావు. లాగడం ఎవరైనా లాగుతారు." తర్వాత కారులో కూర్చుంటానని వెళ్ళిపోయారు.

తెల్లారాక డాక్టరు వచ్చి, ఇక భయం లేదన్నాడు. మా ఆయన కళ్ళు తెరిచాడు. దాహమన్నాడు. నన్ను చూసి, "కాయలు తడిశాయా?" అని అడిగాడు. నేను నవ్వానో ఏడ్చానో గాని, ఆ మాట ముందు పాస్టరమ్మగారికి చెప్పాలని బయటికి పరుగెత్తాను.

వాన వెలిసింది. ఆసుపత్రి ఆవరణంతా కడిగినట్టుంది. కారు గోడ వారగా ఉంది. ఆమె స్టీరింగు ముందు దిండు మీద కూర్చునే నిద్రపోతున్నారు. తల పక్కకి వాలి, నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళద్దాలు ఒళ్ళోకి జారిపోయి. అప్పుడే వస్తున్న ఎండ నేరుగా ఆ మొహం మీద పడే చోటు అది. పడడం లేదు. మా అత్తయ్య తలుపు పక్కన నిలబడి, తన కొంగుని రెండు చేతులా విప్పి కిటికీకి అడ్డంగా పట్టుకుని ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. నన్ను చూసి, మాట్లాడొద్దని తల అడ్డంగా ఊపింది. ఎండ కొంచెం పక్కకి జరిగింది. ఆమె కూడా కొంచెం పక్కకి జరిగింది.